తుఫాను రాత్రి: కరెంటుకన్నా ముందు నీళ్ల సంగతి చూసుకోండి

ఐర్లండ్‌లోని గాల్వే తీరంలో అద్దెకు దిగామని, చంటిపాప ఉందని, ఆరెంజ్ హెచ్చరిక అనగానే భయం వేస్తోందని రాశారు. ఆ భయం సహజమే. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫానులో మీ జిల్లాలోని మేస్ హెడ్ వద్దే గంటకు 180 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి విసురు నమోదైంది. దేశంలో 7,68,000 కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి.

ముందు ఇంటి యజమానిని అడగండి: నీళ్లు బోరు నుంచా, ఊరి పైపు నుంచా? బోరైతే కరెంటు పోగానే మోటారు ఆగుతుంది, కొళాయి ఎండిపోతుంది. అందుకే హెచ్చరిక రాగానే బకెట్లు, గిన్నెలు, స్నానపు తొట్టి నింపండి. పాప పాలకు వేడినీళ్లు రెండు ఫ్లాస్కుల్లో పోసి పెట్టండి. ఫోన్లు చార్జ్ చేసుకోండి.

చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటిని మాత్రం ఇంట్లో వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. అందరూ ఒకే గదిలో పడుకోండి.

ఐర్లండ్ వాతావరణ సంస్థ మెట్ ఏరన్ రెడ్ హెచ్చరిక ఇస్తే గడప దాటొద్దు. అలలు చూడటానికి గట్టు మీదకు అసలే వెళ్లొద్దు. తెగిన తీగ కనిపిస్తే దగ్గరకు పోకుండా విద్యుత్ సంస్థకు చెప్పండి. సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉంటే 112కు ఫోన్ చేసి కోస్ట్ గార్డ్‌ను అడగండి.

పక్కింటి వాళ్ల నంబరు ఈరోజే తీసుకోండి.