తేనె పెట్టెలకి నీళ్లు పెట్టావా?

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నూజివీడు తోటలో ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు దింపావని అక్క ఫోన్‌లో చెప్పింది. పూల సంగతి నువ్వెలాగూ చూసుకుంటావు. కొత్తవాళ్లు మరిచిపోయేది నీళ్లే. ఊరి చెరువు ఉందిగా అని ఊరుకోకు.

ఈగకి నీళ్లు తాగడానికే కాదు. పిల్లగది, అంటే పెట్టెలో పిల్లలు పెరిగే చోటు, వేడి 34, 35 డిగ్రీల దగ్గర నిలవాలి. బయట 44 కాస్తుంటే, తెచ్చిన నీటిని అరల్లో పలచగా పూసి రెక్కలతో విసురుతాయి. ఆ తడి ఆరేకొద్దీ లోపల చల్లబడుతుంది. చిక్కటి తేనెని పలచన చేసి పిల్లలకి పెట్టడానికీ నీళ్లే కావాలి. తేనెని దాచినట్టు నీటిని దాచుకోవు, ఏ పూటకాపూట మోయాల్సిందే. బలమైన పెట్టె మంచి ఎండల్లో రోజుకి లీటరు దాకా లాగుతుంది. ఒక్క ఈగ ట్రిప్పుకి 50 మిల్లీగ్రాములు మోస్తుందనుకున్నా, లీటరుకి 20 వేల ట్రిప్పులు! నీళ్లకి తిరిగే ఈగ ఆ కాసేపూ పూల మీదికి పోదు.

ఒకసారి ఒక చోటు మరిగాయంటే వాటిని మళ్లించడం మహా కష్టం. తేట నీళ్లకన్నా పాచి వాసన, కాస్త ఉప్పదనం ఉన్నవే వాటికి ఇష్టం. పక్కవాళ్ల గేదెల కుడితి తొట్టి మీద వాలాయా, ఇక పేచీ మొదలైనట్టే. పాలు పితికే మనిషిని ఒక్కటి కుడితే చాలు, పెట్టెలు ఎత్తెయ్యమంటారు. అంతకన్నా టెన్షన్ పురుగుమందు కలిపే డ్రమ్ములతో. అక్కడ ఒలికిన మడుగులో తాగిన ఈగ ఇంటికి రాదు, వస్తే విషం మోసుకొస్తుంది. అందుకే పెట్టెలు దింపిన రోజే నీళ్లు ఉండాలి. పెట్టకపోయుంటే ఇవాళే పెట్టు.

వెడల్పాటి మట్టి తొట్టి మంచిది. ప్లాస్టిక్ టబ్బు గోడలు జారుడు, పడిన ఈగ ఎక్కలేదు. గులకరాళ్లు నీటికి పైకి కనబడేలా పేర్చి, తడి గోనెపట్టా కప్పి, దాని అంచు నీళ్లలోకి వదులు. కాసేపు అక్కడే కూర్చుని చూడు. గోనె పోగుల మధ్యకి నాలుక దించి, పొట్ట ఆడిస్తూ, ఉన్నచోటు కదలకుండా పీల్చుకుంటాయి. అప్పుడు నీ జోలికి రావు.

పెట్టెలకి పది, పదిహేను గజాల దూరం చాలు. అవి ఎగిరే దారి కింద మాత్రం వద్దు, గాల్లోనే రెట్ట వేస్తాయి, జబ్బు ఆ నీళ్లతో పాకుతుంది. మొదట్లో గోనె మీద నిమ్మగడ్డి నూనె రెండు చుక్కలు వెయ్యి, ఆ వాసన అవి ఒకదాన్నొకటి పిలుచుకునే వాసనకి దగ్గరగా ఉంటుంది. చిటికెడు ఉప్పూ ఫర్వాలేదు. పంచదార నీళ్లు మాత్రం ఎవరు చెప్పినా పెట్టకు. ఆరుబయట తీపి పెడితే బలమైన పెట్టె బలహీనమైనదాన్ని దోచేస్తుంది.

తొట్టి ఒక్క మధ్యాహ్నం ఎండినా కుడితి తొట్టి దారి పడతాయి. డ్రిప్పు లైను ఉందిగా, ఒక డ్రిప్పర్‌ని తొట్టిలోకి వదిలెయ్. లైన్లో ఎరువు వదిలే రోజు మాత్రం దాన్ని కట్టెయ్. వారానికోసారి నీళ్లు పారబొయ్యి, లేదంటే దోమలు పెరుగుతాయి. రాళ్ల మీది పాచిని మటుకు తోమకు.

స్టాండు కాళ్ల కింద చీమలు ఎక్కకుండా పెట్టిన గిన్నెల్లో పాత ఇంజనాయిల్ పొయ్యమని చెప్పేవాళ్లుంటారు. పోశావంటే దాహంతో వాలినవి అందులోనే అంటుకుని చస్తాయి. సాయంత్రాలు ద్వారం దగ్గర గడ్డంలా గుంపుగా వేలాడితే కంగారు పడకు, ఉక్కకి బయటికొచ్చాయంతే. పైన తాటాకులు కప్పు, గాలి ఆడనివ్వు. పెట్టె లోపలికి నీళ్లు చిమ్మకు.

పొద్దుతిరుగుడు పూతకి పెట్టెలు తరలించేటప్పుడు, అక్కడ ద్వారాలు తెరవకముందే తొట్టి నిండి ఉండాలి. ఈ పాత గోనెపట్టానే తీసుకెళ్లు, దాని వాసన వాటికి అలవాటే.

అక్కని అడిగానని చెప్పు.

మీ మామయ్య