పుస్తకాల అర ఊగకుండా పెగ్ బెజ్జాలు వేయడం ఎలా?

ప్రతి బెజ్జానికీ టేపుతో కొలిచి, పెన్సిల్ గుర్తు పెట్టి వేసినా అర ఒక మూల లేస్తోందని అడిగారు. అర కూర్చునేది నాలుగు పెగ్గుల మీద, అంటే పక్క పలకల బెజ్జాల్లో దూర్చే చిన్న పుల్లల మీద. వాటిలో ఒక్కటి మిల్లీమీటరు ఎత్తయినా ఊగుతుంది. బెజ్జం కింది నుంచి సరిగ్గా 300 మిల్లీమీటర్ల దగ్గరే ఉండాలని ఏమీ లేదు. 303 దగ్గర పడినా ఫర్వాలేదు, నాలుగూ అక్కడే ఉంటే చాలు. అందుకే నేను పక్క పలకల మీద అసలు కొలవను. కొలత అంతా ఒక టెంప్లేటు (బెజ్జాలకు అచ్చుగా వాడే పట్టీ) మీద, ఒక్కసారే.

12 మిల్లీమీటర్ల గట్టి ప్లైవుడ్ పట్టీ తీసుకుని దానికి ఒకే వరుసలో బెజ్జాలు వేయండి. వీలైతే ఇవి స్టాండ్ డ్రిల్‌తో వేయండి, నిటారుగా వస్తాయి. ఫ్యాక్టరీ క్యాబినెట్లలో సాధారణంగా 5 మిల్లీమీటర్ల బెజ్జాలు, 32 మిల్లీమీటర్ల ఎడంతో, ముందు అంచుకు 37 మిల్లీమీటర్ల లోపల ఉంటాయి. పుస్తకాలకు అంత దగ్గర దగ్గరగా అక్కర్లేదు, 50 ఎడం నాకు బాగానే సరిపోతోంది.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. పట్టీ ఒక చివర 'కింద' అని రెండు వైపులా పెద్దగా రాసుకోండి. ఎడమ పలకైనా కుడి పలకైనా, ముందు వరుసైనా వెనక వరుసైనా, ఆ చివరే పలక కింది అంచుతో కలవాలి. పలక మారినప్పుడు పట్టీని పక్కకు తిరగేయండి, తలకిందులు మాత్రం చేయొద్దు. అలా చేస్తే, టెంప్లేటులో ఉన్న చిన్న తేడా కూడా నాలుగు చోట్లా ఒకేలా పడుతుంది కాబట్టి అర మీద దాని ప్రభావం ఉండదు. అయితే రెండు పలకల కింది అంచులూ గుణియంతో (మూలలు 90 డిగ్రీలు ఉన్నాయో లేదో చూసే పనిముట్టు) చూసి తిన్నగా కోసినవై ఉండాలి.

పట్టీని రెండు క్లాంపులతో బిగించి మొదటి బెజ్జం వేయగానే అందులోకి ఒక పెగ్ దూర్చండి. ఇక పట్టీ జరగదు. క్లాంపుల కన్నా ఈ పెగ్ మీదే నాకు నమ్మకం ఎక్కువ.

డ్రిల్ బిట్ విషయానికొస్తే, మధ్యలో మొన ఉండే చెక్క బిట్ వాడండి. మామూలు బిట్ వెనీర్ (పలక పైన అతికించిన పల్చటి చెక్క పొర) అంచులు చీల్చేస్తుంది. 18 మిల్లీమీటర్ల పలకకు 10 లోతు చాలు. టెంప్లేటు మందం కూడా కలుపుకుని, బిట్ 22 దగ్గర ఆగాలి. లోతుకు గుర్తుగా బిట్‌కు అతుక్కునే టేపు చుట్టుకుంటే అది మెల్లగా పైకి జరిగిపోతుంది, అవతలికి కన్నం పడుతుందేమోనని ఒకటే టెన్షన్. దాని బదులు ఒక చెక్క ముక్కకు బెజ్జం వేసి బిట్‌కే తొడగండి. 22 మిల్లీమీటర్లు మాత్రమే బయట కనిపించాలి.

ఇదంతా అల్మరా బిగించకముందే, పలకలు బల్ల మీద పరిచి చేయాలి.

ఇప్పటికే వేసిన బెజ్జాల సంగతి: తేడాగా ఉన్నదాన్ని కొంచెం పెద్దది చేసి, జిగురు రాసిన చెక్క డోవెల్ (గుండ్రటి పుల్ల) దిగ్గొట్టి, ఆరాక సమంగా కోసి, టెంప్లేటుతో మళ్లీ వేయండి. డోవెల్ అంచు మీద పడినా ఈ బిట్ పక్కకు జారదు.