డయాలసిస్‌లో ఉన్న నాన్నగారిని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం పేరు నమోదైంది, ఇంట్లో ఏం చూసుకోవాలని అడిగారు. డయాలసిస్‌లో ఉన్న మా అమ్మను చూసుకుంటూ నేర్చుకున్నది చెబుతాను.

అన్నిటికన్నా కష్టం దాహం. డాక్టర్ చెప్పిన కొలత నీళ్లు పొద్దున్నే సీసాలో పోసి పెట్టేవాళ్లం. మజ్జిగ, చారు, కాఫీ ఏది తాగినా అంత నీరు సీసాలోంచి తీసేసేవాళ్లం. ఊరగాయ మానేశాక అమ్మకు దాహం బాగా తగ్గింది. నీరసంగా ఉన్నారని చుట్టాలు కొబ్బరిబోండాలు తెస్తారు. దయచేసి ఇవ్వకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసినది) ఉన్న చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. రోజూ దాని మీద వేళ్లు ఆనించి చూడండి, జుమ్మని అదురు తెలియాలి. తెలియకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.

రక్తం ఎక్కించాలంటే ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో ఉన్నారని గుర్తుచేయండి. దానివల్ల పరాయి కిడ్నీని ఎదిరించే యాంటీబాడీలు పెరిగితే సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. కిడ్నీ దొరికిందన్న కబురు అర్ధరాత్రి కూడా రావచ్చు, అందుకే మీ ఫోన్ నంబర్ మారితే ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు వెంటనే చెప్పండి.

"మీకు భారమైపోయానురా" అని ఆయన అన్న రోజు మాత్రం టెన్షన్‌తో మాట మార్చకండి. పక్కన కూర్చుని చివరిదాకా వినండి.