ఎర్త్ పిట్ అంకె చూసి మురిసిపోకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పరవాడలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. వెళ్లగానే ఎర్త్ పిట్ల, అంటే యంత్రాలను భూమికి కలిపే గుంటల, రిజిస్టరు నీ చేతిలో పెడతారు. గుంట దగ్గర మట్టి కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకెలు అందులో ఉంటాయి, ఒక ఓమ్, ఒకటిన్నర ఓమ్ అని ముచ్చటగా. అవి ఏ నెలలో తీశారో ముందు చూడు. వానలకు నేల తడిసి ఉంటే ఎవరికైనా మంచి అంకే వస్తుంది. మే నెల ఎండల్లో మళ్లీ కొలిపించు.

అసలు సంగతి అది కూడా కాదు. ఫాల్ట్ కరెంటు, అంటే ఇన్సులేషన్ దెబ్బతిని బాడీలోకి లీకయ్యే కరెంటు, మట్టిలో కలిసి మాయమైపోదు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు తిరిగి చేరాలి. లెక్క నువ్వే వేసుకో. మోటారు బాడీకి ఒక గుంట, న్యూట్రల్‌కు ఇంకొకటి, ఒక్కోటి 2 ఓములు, మధ్యలో మట్టి తప్ప ఏమీ లేదు. 230 వోల్టులకు పారేది 57 ఆంపియర్లు. 63 ఆంపియర్ల ఫ్యూజు దాన్ని మామూలు లోడే అనుకుని ఊరుకుంటుంది. బాడీ మీద మాత్రం 115 వోల్టులు నిలిచి ఉంటాయి. అందుకే బాడీ నుంచి న్యూట్రల్ దాకా తెగని లోహపు దారి ఉండాలి. మన సముద్రపు గాలి సంగతి తెలిసిందే కదా: ఎర్తింగుకు వాడే జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ పైకి నిగనిగలాడుతున్నా బోల్టు కింద ఉప్పు తినేసి ఉంటుంది. రంగు పూసిన జాయింటును అసలు నమ్మకు. విప్పించి, గీకించి, బిగించాకే కొలిపించు. ఎర్తింగు మీద భారతీయ ప్రమాణం, 2018లో సవరించిన ఐఎస్ 3043, ఒక ప్రతి దగ్గర పెట్టుకో.

6.6 కేవీ (6,600 వోల్టుల) వైపు పద్ధతి వేరు. అక్కడ మోటారులో తిరగని ఇనుప భాగం, స్టేటర్ కోర్, కాలిపోకుండా న్యూట్రల్‌కూ భూమికీ మధ్య రెసిస్టర్ పెట్టి ఫాల్ట్ కరెంటును కావాలనే తగ్గిస్తారు. ఆ రెసిస్టర్ లోపల తెగిపోయినా ప్లాంటు ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. ఫాల్ట్ వచ్చిన రోజు, దాన్ని పసిగట్టి సరఫరా ఆపించే రిలేకు చాలినంత కరెంటు అందదు. బాగున్న రెండు ఫేజులకూ భూమికీ మధ్య 3.8 కేవీ ఉండాల్సింది 6.6కు ఎక్కుతుంది. షట్‌డౌన్ దొరికినప్పుడల్లా దాని ఓములు కొలిచి నేమ్‌ప్లేటుతో సరిచూడు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. ఫీడర్ ప్యానెల్ ముందు కూర్చుని, టార్చి వేసి, కేబుల్ చుట్టూ ఉన్న సీబీసీటీని చూడు, తనలోంచి వెళ్లే కరెంట్లన్నీ కలిపి చూసి భూమికి లీకైనదాన్ని రిలేకు చెప్పే రింగు సీటీ అది. కేబుల్ స్క్రీన్ (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు పొర) ఆ సీటీలోంచి పైకి వచ్చి అక్కడ ఆగితే, దాని ఎర్త్ వైరు మళ్లీ అదే సీటీలోంచి కిందికి దిగి ఎర్త్ బస్‌కు చేరాలి. పక్కనుంచి తీసుకెళ్లి బిగిస్తే, స్క్రీన్ గుండా తిరిగొచ్చే కరెంటు సీటీ లెక్కలో ఫేజు కరెంటును చెరిపేస్తుంది. రిలే గుడ్లప్పగించి చూస్తుంది. కాంట్రాక్టరు "అలా తిప్పితే అందంగా ఉండదు మేడమ్" అంటాడు. ఒప్పుకోకు. రిలేకు టెస్ట్ కిట్టుతో నేరుగా కరెంటు ఎక్కించే పరీక్షలో ఈ తప్పు బయటపడదు, కంటితోనే పట్టుకోవాలి.

మొదటి షట్‌డౌన్ తేదీ తెలిశాక ఫోను చెయ్యి.

మామయ్య