బుజ్జీ, ఆదివారం వాళ్లింటికి వెళ్లే ముందు

చి॥ బుజ్జికి అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చవితికి మీ నాన్న స్నేహితుడి వాళ్లకి నువ్విచ్చిన స్పీకర్లు పాడై తిరిగొచ్చాయట కదా. ఒకటి ఆన్ కావట్లేదు, రెండోది గరగరమంటోంది, ఆదివారం కొత్త స్పీకర్ల బిల్లు ప్రింటు తీసుకుని వాళ్లింటికి వెళ్తానని పట్టుబట్టి కూర్చున్నావు. "నాన్న స్నేహితులైతే ఏంటి, నా జీతంతో కొనుక్కున్నవి" అన్నావట. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. నీ వయసులో నేను ఇక్కడే బెంగళూరు మల్లేశ్వరంలో మీ మామ మైక్‌సెట్ షాపు కౌంటర్లో కూర్చుని లెక్కలు రాసేదాన్ని. రావాల్సిన బాకీ ఎంతో పుస్తకంలో రాయడమే నా వంతు, అడగడానికి మాత్రం మగవాళ్లే వెళ్లాలి.

తర్వాత నిద్ర పట్టలేదు. ఆన్ కాని స్పీకర్‌ని నువ్వు రోజూ మళ్లీ ప్లగ్‌లో పెట్టి చూస్తున్నావని మీ అమ్మ మాటల మధ్యలో అనేసింది.

ముందు ఆ పని మానెయ్. ఈ ఉత్తరంలో ఇంకేదీ చదవకపోయినా ఇది చదువు. అది వానలో తడిసిందో లేదో నీకు తెలియదు, లోపల ఏ తీగ దేనికి తగులుతోందో తెలియదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వెనక మూత తీద్దామని అసలు అనుకోకు. ఆంప్లిఫయర్ లోపలే ఉండే స్పీకర్లలో ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో, అంటే కరెంటు దాచుకునే భాగాల్లో, 300 వోల్టుల పైచిలుకు ఛార్జ్ కొంతసేపు నిలిచి ఉంటుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని పందిట్లో మైక్ పట్టుకున్న మా షాపు కుర్రాడు వెనక్కి ఎగిరి కుర్చీల మీద పడటం నేను కళ్లారా చూశాను. బతికాడు, పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. అయినా మా ఇంట్లో ఇప్పటికీ మిక్సీ ప్లగ్ పెట్టేది నేనే, కోడల్ని ముట్టుకోనివ్వను. నా పిచ్చి అనుకో. నా మాట విను.

ఫోటోలు తీశావా? సీరియల్ నంబర్లు కనపడేలా తియ్యి. వారంటీ ఇంకా ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్ తప్ప ఇంకెవరూ తెరవకూడదు.

ఇక అసలు సంగతి. స్పీకర్ పోయిందని నీకు తెలుసు, ఎందుకు పోయిందో తెలియదు. ఎందుకో తెలియకుండా వాళ్ల గుమ్మం ఎక్కితే నువ్వు అనేది ఒకటి, వాళ్లు అనేది ఒకటి అవుతుంది, మధ్యలో మీ నాన్న తలకాయ దించుకుని కూర్చుంటాడు. పాడైన వస్తువే ఏం జరిగిందో చెబుతుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పి, ఎర్ర లైటు వెలుగుతున్నా పట్టించుకోకుండా వాయించితే కాయిల్, అంటే లోపలి తీగచుట్ట, కాలుతుంది. కోన్‌ని, అంటే ముందు గరాటులా ఉండే పొరని, రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కితే లోపల గీసుకున్నట్టు తెలుస్తుంది, ముక్కు దగ్గర పెడితే మాడిన వార్నిష్ వాసన. (మైక్ రాత్రి 10కి ఆపాలని 2000 సంవత్సరం నుంచి నిబంధన ఉంది కదా, అందుకని తొమ్మిదిన్నరకే అందరికీ హుషారు పుట్టుకొస్తుంది. కాయిల్స్ పోయేది చాలావరకు ఆ అరగంటలోనే అనేవాడు మీ మామ.) బొత్తిగా ప్రాణం లేనట్టు లైటు కూడా వెలగకపోతే అది వేరే రోగం. ఫ్యూజో, పవర్ సప్లై బోర్డో అయ్యుండాలి. అలాంటప్పుడు కరెంటు ఎక్కువ వచ్చి ఉండొచ్చు. పందిట్లో త్రీఫేజ్ లైన్ న్యూట్రల్ వదులైతే 230 రావాల్సిన చోట 400 దాకా కూడా ఎగబాకుతుంది. చిన్న జనరేటర్లయితే పెట్రోలు అయిపోయేటప్పుడు వోల్టేజీ గంతులేస్తుంది. అలాంటప్పుడు తప్పు పాట పెట్టినవాడిది కాకపోవచ్చు, వైరు కలిపినవాడిది కావచ్చు. కోన్ చిరిగో, జాలీ సొట్టపోయో ఉంటే బండిలో పడేసి తెచ్చారని.

నీ రెండు స్పీకర్లకి రెండు వేరు జబ్బులని నా అనుమానం. వారంటీ అయిపోయి ఉంటే ఎస్.పి. రోడ్ ఎలక్ట్రానిక్స్ బజారులో ఎవరైనా పాత మెకానిక్‌కి చూపించి, ఏది ఎందుకు పోయింది, బాగు చెయ్యడానికి ఎంత అని కాగితం మీద రాయించుకో. రిపేరు తర్వాత, ముందు కాగితం. తీసేసిన పాత భాగాలు ఇమ్మని ముందే చెప్పు, లేకపోతే పారేస్తారు.

పాత భాగాలు అంటే నాకు మీ మామే గుర్తొస్తాడు. నీకీ కథ ఎవరూ చెప్పి ఉండరు, మన ఇళ్లల్లో ఇలాంటివి చెప్పరు.

ఆయనకి ఒక బాల్య స్నేహితుడు ఉండేవాడు, మా వీధిలోనే ఇల్లు. ఆ స్నేహితుడి కూతురి పెళ్లికి మామ అద్దె తీసుకోకుండా ఒక ఆంప్లిఫయర్, నాలుగు హారన్లు ఇచ్చాడు. హారన్ వెనక బిగించే యూనిట్లలో ఒకదానికి డయాఫ్రమ్, అంటే శబ్దం పుట్టించే పల్చటి పొర, పగిలితే అంతకు ముందే గమ్ముతో అతికించి నెట్టుకొస్తున్నాం. "అది ఇవ్వకండి" అన్నాను. "పెళ్లి ఒక్క రోజేగా, ఆగుతుందిలే" అన్నాడు. పెళ్లికొడుకు ఊరేగింపులో ఎవరో బ్యాటరీ వైర్లు తిరగేసి కలిపారు. ఆంప్లిఫయర్ మాడిపోయి వచ్చింది, రెండు యూనిట్లు మూగబోయి వచ్చాయి. ఆ స్నేహితుడు స్వయంగా షాపు గుమ్మంలో నిలబడి "ఏమైనా అయిందా, చెప్పరా" అని అడిగాడు. మామ ఏమన్నాడో తెలుసా? "అబ్బే, ఏం లేదు, పర్లేదు." నేను పక్కనే పుస్తకం తెరిచి, తిరిగొచ్చిన వరసలో "ఆంప్లిఫయర్ పోయింది, యూనిట్లు రెండు పోయాయి" అని రాస్తున్నాను. ఆయన ఆ మాట అంటున్నాడు, నా పెన్ను ఈ మాట రాస్తోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. అడగాల్సిన మనిషిని అడగలేదు గానీ, మిగిలిన ఊరందరికీ చెప్పాడు. టీ కొట్టులో, మా పుట్టింట్లో, ఆఖరికి చామరాజపేటలో రామనవమి కచేరీలు వినడానికి వెళ్తే అక్కడ పక్క కుర్చీలో వాళ్లకి కూడా. "ఫ్రీగా ఇస్తే ఇలా చేశారు చూడండి" అని. మొహమాటం మనిషి కదా, ఎదురుగా నోరు పెగలదు, వెనక ఆగదు. ఆ మాట తిరిగి తిరిగి స్నేహితుడి చెవిన పడింది.

ఒక పొద్దున ఆయన షాపుకి వచ్చాడు. గిరాకీలు ఉన్నారు. చదివింపుల కవరు, అంచుకి రూపాయి బిళ్ల అంటించినది, అందులో డబ్బు పెట్టి తెచ్చాడు. కౌంటర్ మీద నా ముందు పెట్టి, "ఆ రోజే అడిగుంటే ఆ రోజే ఇచ్చేవాణ్ణి. వీధంతా నన్ను ఎగ్గొట్టేవాణ్ణి చేశావు" అన్నాడు. తర్వాత "పోయినవి చూపించు" అన్నాడు. మెకానిక్ పాత భాగాలు దాచే డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. రెండు డయాఫ్రమ్‌లు. ఒకదాని మీద ఎప్పటిదో గమ్ము, ఎండి పసుపు పచ్చగా ఉంగరంలా కనపడుతోంది. ఆయన దాన్ని వేళ్లతో తిప్పి చూశాడు. ఏం అనలేదు. మామ వైపు కూడా చూడలేదు. కవరు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో రెండు శుభకార్యాలయ్యాయి, రెండింటికీ నేనే వెళ్లి బొట్టు పెట్టి పిలిచాను. ఆయన భార్య వచ్చి తాంబూలం తీసుకుంది. ఆయన రాలేదు.

కాబట్టి తల్లీ, నిన్ను అడగొద్దని నేను చెప్పట్లేదు. అడుగు. ఈ రోజే మెసేజ్ పెట్టు, ఆదివారం దాకా ఆగకు: "అంకుల్, స్పీకర్లు అందాయి. ఒకటి ఆన్ కావట్లేదు, రెండో దాంట్లో శబ్దం వస్తోంది. మెకానిక్‌కి చూపించి ఏమైందో చెప్తాను." అంతే. మాడినా చిరిగినా ఈ మాటలో ఎవరి మీదా నింద లేదు. పైగా "అప్పుడెందుకు చెప్పలేదు" అనే మాట రేపు వాళ్ల నోట రాదు. ఇంకోటి, నువ్వు ఇచ్చేటప్పటికే వాటిలో ఏదైనా చిన్న లోపం నీకు తెలిసి ఉంటే అది నువ్వే ముందు చెప్పు.

మామ పోయాక షాపు కాగితాలు చూసిన వకీలు ఒకాయన ఈ కథ విని నాకు చట్టం చెప్పాడు. డబ్బు తీసుకోకుండా ఇచ్చినా సరే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో దానికి లెక్క ఉందట. ఇచ్చేవాళ్లు తమకు తెలిసిన లోపం, వాడకానికి అడ్డొచ్చేదైతే, చెప్పి ఇవ్వాలి, అది 150వ సెక్షన్. తీసుకున్నవాళ్లు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత చూసుకోవాలి, 151. అంత జాగ్రత్త తీసుకున్నా పాడైతే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, వాళ్ల తప్పు లేనట్టే. నాకు బాగా గుర్తుండిపోయింది 154. ఏ పనికని తీసుకున్నారో ఆ పనికి కాక వేరే దానికి వాడితే, ఎంత జాగ్రత్తగా వాడామన్నా నష్టం వాళ్లదే. నువ్వు ఇచ్చింది అపార్ట్‌మెంట్ హాల్లో భజనకి. మీ అమ్మ చూసిన వీడియోలో మాత్రం అవి హలసూరు చెరువుకి వెళ్లే నిమజ్జనం టెంపో మీద ఉన్నాయట, తాడు కూడా కట్టలేదట. కోర్టుకి వెళ్లమని కాదు, ఎవరు వెళ్తారు వీటికి. వాళ్లింట్లో మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుందని చెప్తున్నా. "మీరు పాడు చేశారు" అని మొదలుపెట్టకు. "టెంపో మీద పెట్టారా అంకుల్, కరెంటు దేని నుంచి ఇచ్చారు?" అని అడుగు. నిజం వాళ్లబ్బాయి నోటి నుంచే వస్తుంది. జనరేటర్ వాడిదే తప్పని వాళ్లంటే కాదనకు. అతన్ని పెట్టుకున్నది వాళ్లు, వసూలు చేసుకోవాల్సిందీ వాళ్లే.

ఆ కొత్త స్పీకర్ల బిల్లు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లు. ఇది నా తిట్టు అనుకో. వాడిన వస్తువుకి కొత్త ధర అడగడం ధర్మం కాదు, అది బయటికి తీసిన క్షణం నువ్వు న్యాయం అడగడానికి రాలేదనుకుంటారు. రిపేరు కాగితం ఎంత అంటే అంత. బాగు కాదని మెకానిక్ రాసిస్తే అప్పుడు పాత వస్తువు విలువ. వాళ్లు సగం ఇస్తామంటే తీసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే కాయిల్‌కి పూర్తిగా అడుగుతాను, బోర్డుకి సగానికి ఒప్పుకుంటాను. ఏది ఒప్పుకున్నా అక్కడే పూర్తిగా ఒప్పుకో. బయటికొచ్చి ఇంకెవరి దగ్గరా ఆ మాట ఎత్తొద్దు, మీ పిన్ని దగ్గర కూడా. ముఖ్యంగా మీ పిన్ని దగ్గర.

నాన్నని వెంట తీసుకెళ్లకు. ఆయన గుమ్మంలోనే "పర్లేదులే" అనేస్తాడు, మీ మామ తర్వాత మన వంశంలో ఆ మాట ఆయన నోటే తిరుగుతుంది. చుట్టాలు ఎవరైనా ఉంటే ఆ రోజు డబ్బు మాట ఎత్తకుండా తిరిగొచ్చెయ్. భోజనం చెయ్యమంటే చెయ్యి, మొహం ముడుచుకోకు. ఆంటీ నిన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగింది, ఆ మాట చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంటే కరిగిపో, పర్లేదు, కానీ కాగితం చేతికిచ్చాకే కరుగు.

మెకానిక్ రాసిచ్చింది నాకు వాట్సాప్‌లో పెట్టు, ఎక్కువ వేశాడో లేదో చూసి చెప్తా. స్పీకర్ల కవర్లు, పవర్ కేబుళ్లు తిరిగొచ్చాయా? లెక్క చూసుకో, ఎవరూ అవి మాత్రం తిరిగివ్వరు.

మీ అత్త