సంతకం పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం ఇస్తామన్న కోరమంగళ స్టార్టప్ వాళ్లు శుక్రవారంలోగా జవాబు చెప్పమన్నారని, టెన్షన్‌తో నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వెళ్లమనీ వద్దనీ నేను చెప్పను. ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

ముందు ఒక కాగితం తీసుకో. ఎందుకు వెళ్లాలనుకుంటున్నావో, ఏడాదికి ఏం జరుగుతుందని ఆశిస్తున్నావో, ఏం జరిగితే బయటికి వచ్చేస్తావో రాసి తేదీ వెయ్యి. మనసులో ఉంచుకుంటే చాలదు. ఫలితం తెలిశాక, మొదటి నుంచీ అలాగే అనుకున్నామని మనసు నమ్మించేస్తుంది. మారతహళ్లిలో మన పిల్లలు చాలామంది, కలిసొస్తే తమ తెలివి, కలిసిరాకపోతే దురదృష్టం అని సరిపెట్టుకుంటున్నారు. చూస్తే బాధేస్తుంది. అలాగైతే నేర్చుకునేది ఎప్పుడు?

సీటీసీ, అంటే కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చూసి మురిసిపోకు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే అన్నీ అందులో కలిపేస్తారు. నెలనెలా చేతికొచ్చేదెంతో అడుగు. ఈసాప్స్‌ని, అంటే కంపెనీ షేర్లను ముందే చెప్పిన ధరకు తర్వాత కొనుక్కునే అవకాశాన్ని, ప్రస్తుతానికి సున్నా అనుకో. చట్టం ప్రకారం ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడిస్తే గానీ వాటి మీద నీకు హక్కు రాదు. తర్వాత షేర్లుగా తీసుకుంటే, ఆనాటి విలువకూ నువ్వు కట్టిన ధరకూ ఉన్న తేడా జీతం కిందే లెక్క. కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాకపోతే, అమ్ముకునే దారి లేకుండానే పన్ను మీద పడొచ్చు. అర్హత ఉన్న స్టార్టప్‌ల్లో ఆ పన్ను కొంతకాలం వాయిదా పడుతుంది. వీళ్లకు ఆ అర్హత ఉందేమో మొహమాటపడకుండా అడుగు.

‘ఇన్నేళ్లు ఇక్కడ కష్టపడ్డానే’ అన్నది లెక్కలోకి తీసుకోకు. ఉన్నా, వెళ్లినా ఆ కష్టం తిరిగి రాదు. గ్రాట్యుటీ అలా కాదు, అది ముందు ముందు రావాల్సిన డబ్బు. ఐదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున వస్తుంది. నీకు ఇంకా నాలుగు నెలలే తక్కువ. 90 రోజుల నోటీసు కూడా సర్వీసులోకే వస్తుంది కాబట్టి, రాజీనామా ఇంకో నెల ఆగి ఇవ్వు. ముందే రిలీవ్ చేసేస్తారేమో కూడా కనుక్కో. కొత్తవాళ్లను చేరే తేదీ పొడిగించమను. అంతమాత్రానికే కోప్పడితే వాళ్ల పద్ధతేమిటో నీకు ఇప్పుడే తెలుస్తుంది.

వైట్‌ఫీల్డ్ ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇప్పుడే కట్టకు. ఉద్యోగం నచ్చకపోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఇరవై ఏళ్ల హోమ్ లోన్ అంత తేలిగ్గా వదలదు. రెండూ ఒకే నెలలో నెత్తిన పెట్టుకోవద్దు.

ఆ కంపెనీ వదిలేసిన వాళ్లు ఒకరిద్దరితో మాట్లాడు. జీతాలు సమయానికి పడ్డాయా, ఎందుకు మానేశారు, అడుగు. గురువారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య
మల్లేశ్వరం, బెంగళూరు