శుక్రవారం వద్దు, శనివారం రండి

అమ్మగారితో శుక్రవారం ఒక్కరోజులో చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ చూసి, మంచి బిర్యానీ తినడం కుదురుతుందా అని అడిగారు. ముందుగా ఆ రోజును మార్చండి. శుక్రవారం సాలార్‌జంగ్‌కు, చౌమహల్లా ప్యాలెస్‌కు సెలవు. పైగా మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ.

శనివారమైతే పొద్దున్నే గోల్కొండ. అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, మెట్లెక్కించకండి. కింద కోట ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండపైన బాలాహిస్సార్ మండపంలో వినిపిస్తుంది. మీరు ఎక్కండి, చప్పట్ల పని ఆవిడకు అప్పగించండి. పన్నెండు కాకముందే మ్యూజియంలో సంగీత గడియారం ముందు కుర్చీ పట్టుకోండి. గంట కొట్టే చిన్న బొమ్మ బయటికి రాగానే పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ మురిసిపోతారు.

బిర్యానీ మధ్యాహ్నమే తినండి, రాత్రికైతే బరువు. మిర్చీ కా సాలన్ తప్పకుండా అడిగి వేయించుకోండి. సాయంత్రం 1591 నాటి చార్మినార్‌ను కింది నుంచే చూస్తూ, పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, వేడి ఉస్మానియా బిస్కెట్లు. లాడ్ బజార్‌లో గాజులకు మాత్రం బేరమాడాల్సిందే. మొదటి ధరకు కొంటే కొట్టువాడికే ఆశ్చర్యం.